తూకానికి దొరకని బరువు

కొరాపుట్ పీఠభూమి మీది దామంజోడిలో ఏ మాటైనా టన్నుల దగ్గరికే వచ్చి ఆగుతుంది. పంచపట్మలి కొండ మీద తవ్విన బాక్సైటు, 14.6 కిలోమీటర్ల పొడవున మలుపులు తిరుగుతూ దిగే ఒకే ఒక్క కేబుల్ బెల్టు మీద నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీకి చేరుతుంది. గంటకు ఎన్ని టన్నులు దిగాయన్నదే ఇక్కడ పొద్దున్నే అడిగే ప్రశ్న. తయారైన అల్యూమినా వ్యాగన్లకెక్కి, వేబ్రిడ్జి దాటి, విశాఖపట్నం రేవుకు పోతుంది. అక్కడ ఓడలో పోశాక సరుకెంతో తేల్చడానికి డ్రాఫ్ట్ సర్వే చేస్తారు. ఓడ పక్కల మీద రాసిన అంకెలు చూసి, సరుకు పోయకముందు ఎంత లోతు మునిగింది, పోశాక ఎంత మునిగింది అని రాసుకుంటారు. ఆ తేడాకు ఎంత నీరు పక్కకు జరిగిందో లెక్కకడితే సరుకు బరువు తేలుతుంది. ఓడను పెట్టే త్రాసు ఎక్కడా లేదు. నీరు దానికి ఎంత చోటిచ్చిందో చూసి బరువు చెబుతారు.

ఆ పద్ధతి గురించి మొదటిసారి విన్నప్పటి నుంచీ నాకు దాని మీద ప్రేమ. ఎందుకంటే ఆ అల్యూమినా పుట్టేచోట, ఇదే దామంజోడిలో, త్రాసుకు అందని బరువులు మరో కొసన ఉన్నాయి. అవి మరీ చిన్నవి. వాటి బరువు కూడా నీరే చెబుతుంది, లేదా వెలుతురు చెబుతుంది.

బాక్సైటును పొడి చేసి వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అందులోని అల్యూమినా కరిగి ద్రవంలోకి వచ్చేస్తుంది. మన తూర్పు కనుమల బాక్సైటులో ఎక్కువగా ఉండేది గిబ్‌సైటు. అది సుళువుగా కరిగే రకం కాబట్టి ఇక్కడ పెద్ద ఒత్తిడి అక్కర్లేకుండానే ఆ ఉడికింపు జరిగిపోతుంది. కరగకుండా మిగిలేది ఇనుము ఆక్సైడు, టైటానియం, ఇంకా కొంత మట్టి. అదే రెడ్ మడ్. ఫ్యాక్టరీ జనం నోట్లో ఉత్త 'మడ్డు'. ఈ మడ్డును ద్రవం నుంచి విడదీయడంలోనే సగం కష్టం ఉంది. ద్రవం తేటగా రాకపోతే ఎర్రదనం అల్యూమినాలోకి పోతుంది, ఇనుము పాలు పెరుగుతుంది, సరుకు దెబ్బతింటుంది.

మడ్డులో ఒక మైక్రాను, అంతకన్నా చిన్న రేణువులు బోలెడు. ఒక మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అలాంటి రేణువు సాంద్రత నీటికి మూడు రెట్లనుకుంటే దాని బరువు సుమారు 1.6 పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్లో వంతుకు కాస్త పైన. ల్యాబులో మేము వాడే త్రాసు గ్రాములో పదివేలో వంతు వరకు చూపిస్తుంది. దాని మీద ఇలాంటి రేణువులు ఆరు కోట్లు పోగేస్తేగానీ చివరి అంకె కదలదు. మరి ఒక్కదాని బరువు ఎలా తెలుస్తుంది? నీటిలో వదిలి, ఎంత సేపటికి ఎంత దిగిందో చూడాలి. 1851లో స్టోక్స్ రాసిన సూత్రం ప్రకారం, నిలకడగా ఉన్న నీటిలో ఈ రేణువు సెకనుకు ఒక మైక్రాను దిగుతుంది. ఒక మీటరు దిగడానికి పదకొండు రోజులు పడుతుంది. ఫ్యాక్టరీ పదకొండు రోజులు ఆగదు.

అందుకే సెట్లింగ్ టెస్టు. లీటరు కొలత సిలిండరు నిండా వేడి మడ్డు నీళ్లు పోస్తాం. అంచు నుంచి అడుగు దాకా ఒకే ఎరుపు, ఇటుక పొడి రంగు. రేణువులను ముద్దకట్టించే ఫ్లాక్యులెంట్ అనే పొడిని ముందే నీళ్లలో కలిపి ఉంచుతాం; పిపెట్టుతో ఆ ద్రావణం కాస్త వేసి, చిల్లుల పళ్లెం ఉన్న కడ్డీతో మెల్లగా పైకీ కిందికీ నాలుగైదు సార్లు ఆడిస్తాం. గట్టిగా ఆడిస్తే చెడుతుంది. మొదటి ఊపులో ఏమీ కనిపించదు. మూడో ఊపు దగ్గర ఎరుపు ఒక్కసారిగా విరిగి, మధ్యమధ్య తేట సందులు తెరుచుకుని, రవ్వల్లాంటి ముద్దలు కనబడతాయి. కడ్డీ పైకి తీసి స్టాప్‌వాచీ నొక్కాలి. పైన తేట, కింద మడ్డు, రెండింటి మధ్య కత్తితో కోసినట్టు ఒక గీత. ఆ గీత కళ్ల ముందే జారుతుంది. ముద్దలు వంద మైక్రాన్ల పాటి ఉంటే, లోపల నీరు పట్టి అవి తేలికైనా సరే, మీటరు దిగడానికి పావుగంట చాలు. పదకొండు రోజుల పని పావుగంటకు వచ్చింది.

సాలూరు వైపు నుంచి వచ్చిన ఆపరేటరు ఒకతను ఈ టెస్టు చూసి నన్ను అడిగాడు: "ఇంత చిటికెడు పొడికి అంత మడ్డూ ఎలా లొంగిపోద్దండి మేస్టారూ?"

"బరువు చూడకు బాబూ, పొడుగు చూడు" అన్నాను.

మన పల్లెల్లో ఈ పని ఏనాటి నుంచో తెలుసు. వానాకాలం ఏటి నీళ్లు బురదబురదగా ఉంటే, బిందె లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేవారు. ఇండుప గింజ అన్నా అదే. కాసేపటికి నీళ్లు తేరుకునేవి. ఆ గింజలో ఉన్నవి పొడుగాటి పాలిసాకరైడ్ గొలుసులు. మట్టి రేణువు ఒకదాన్ని ఒక కొసన, ఇంకోదాన్ని మరో కొసన పట్టుకుని ముద్ద చేస్తాయి. అల్యూమినా ఫ్యాక్టరీలు కూడా చాలా కాలం పిండినీ గంజి పదార్థాన్నీ మడ్డులో కలిపే బతికాయి. తర్వాతే కృత్రిమ పాలీఅక్రిలేట్లు, వాటి తర్వాత హైడ్రాక్సమేట్ రకం పాలిమర్లు వచ్చాయి. గింజ అరగదీసిన మన అమ్మమ్మలు బృహదణువుతో పని చేయించుకున్నారు. ఈ మాట నేను పొగడ్తకు అనడం లేదు. అక్కడ జరిగింది అదే.

ఇప్పటి ఫ్లాక్యులెంట్ గొలుసు ఎంత పెద్దది? హైడ్రోజన్ పరమాణువు బరువును సుమారు ఒకటి అనుకుంటే నీటి అణువు 18, పంచదార 342. ఈ పాలిమరు ఒక కోటీ యాభై లక్షలు అనుకుందాం. ఆ దరిదాపుల్లో ఉండేవి మామూలే. ఒక్కో కణుపు బరువు 71 చొప్పున లెక్కేస్తే, గొలుసులో రెండు లక్షల పైచిలుకు కణుపులు. సాగదీసి పట్టుకోగలిగితే పొడవు యాభై మైక్రాన్ల దాకా వస్తుంది, అంటే మడ్డు రేణువుకు యాభై రెట్లు. మరి బరువు? అలాంటి గొలుసులు 64 వేలు కలిస్తే ఒక్క మడ్డు రేణువు తూగుతాయి. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకున్న సాయంత్రం నేను చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. అరవై నాలుగు వేల వంతు బరువున్నది వచ్చి పట్టుకుంటే ఆ రేణువు ఆగుతుంది.

అయితే ఈ ఒక కోటీ యాభై లక్షలు అన్న అంకె ఎవరు చెప్పారు? ఏ త్రాసు చెప్పింది?

చెప్పింది ఒక గాజు గొట్టం. యు ఆకారంలో వంచిన విస్కోమీటరు. ఒక చేతిలో వెంట్రుకంత సన్నని రంధ్రం, దాని పైన చిన్న బుడ్డి, బుడ్డికి పైనా కిందా గాజు మీద చెక్కిన రెండు గీతలు. ఉష్ణోగ్రత మారకుండా నీళ్ల తొట్టిలో దాన్ని నిలువుగా బిగించి, ద్రవాన్ని పైగీత దాటేలా పీల్చి వదలాలి. పైగీత నుంచి కిందిగీతకు దిగడానికి ఉత్త ఉప్పునీటికి ఎంతసేపు, పాలిమరు కలిపిన ఉప్పునీటికి ఎంతసేపు? తర్వాత సగానికి పలచన చేసి మళ్లీ, ఇంకా పలచన చేసి మళ్లీ. ఆ చుక్కలన్నీ గ్రాఫు మీద పెట్టి గీతను వెనక్కి, పాలిమరే లేని చోటికి, సున్నా గాఢత దాకా పొడిగిస్తారు. పక్కన మరో గొలుసు లేకుండా, ఒక్క గొలుసు ఒంటరిగా నీళ్లలో ఉంటే నీటి నడకను ఎంత అడ్డుకునేదో ఆ కొస చెబుతుంది. ఒంటరిగా చూడలేనిదాన్ని ఒంటరిగా ఊహించే ఉపాయం ఇది. ల్యాబులో చేసే పనులన్నింటిలో నాకు ఇదే ఎక్కువ ఇష్టమైనది.

ఈ దారి తెరిచినవాడు జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్. రబ్బరు వంటివి ఎన్నో కణుపులున్న ఒకే పొడుగాటి అణువులని 1920లో రాశాడు. నాటి పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. అవి చిన్న అణువుల గుంపులేనని, అంత పెద్ద అణువు ఉండే వీలే లేదని వాదించారు. ఆయన దగ్గరున్న సాక్ష్యాల్లో చిక్కదనం ఒకటి: గొలుసు పొడుగయ్యే కొద్దీ ద్రావణం చిక్కబడుతుంది, కాబట్టి చిక్కదనం కొలిస్తే పొడుగు తెలుస్తుంది. నోబెల్ 1953లో వచ్చింది, అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

ఆయన కంటే ముందే ఐన్‌స్టీన్ 1905లో తన పరిశోధనా వ్యాసంలో పంచదార నీళ్ల చిక్కదనం నుంచి పంచదార అణువు పరిమాణం లెక్కకట్టాడు. ఆ లెక్కలో ఒక తప్పు దొర్లింది. పారిస్‌లో జాన్ పెరాఁ ల్యాబులో బాన్సెలాఁ అనే యువకుడు నీటిలో రేణువులు కలిపి చిక్కదనం కొలిస్తే సిద్ధాంతం చెప్పినదానికీ కొలతకూ పొంతన కుదరలేదు. ఐన్‌స్టీన్ తన శిష్యుడు లుడ్విగ్ హోఫ్‌ను లెక్క మళ్లీ చూడమన్నాడు. తప్పు దొరికింది, 1911లో దిద్దుకున్నాడు. రేణువులున్న గాజు గొట్టం ఐన్‌స్టీన్ గణితాన్ని సరిదిద్దిందన్నమాట. ల్యాబు పని చేసేవాళ్లం ఈ సంగతి తలుచుకుంటే చేతులకు కొంచెం బలం వస్తుంది.

ఇక వెలుతురు. ఇక్కడ కథ మన విశాఖపట్నం గుండా పోతుంది. చంద్రశేఖర వెంకట రామన్ నాలుగేళ్ల పిల్లవాడిగా ఉండగా, 1892లో, తండ్రికి విశాఖలోని ఏవీఎన్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. రామన్ బడి చదువూ, ఎఫ్.ఏ. చదువూ అక్కడే. 1902లో మద్రాసు వెళ్లాడు. ఆయన పేరు చెబితే అందరికీ రామన్ ఫలితం బయటపడిన 1928 ఫిబ్రవరి 28 గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు ముందరి ఏడాదిలోని చిన్న వ్యాసం ఒకటి ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది. 1927లో కలకత్తా నుంచి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చింది. కొల్లాయిడ్ ద్రావణం చెదరగొట్టే వెలుతురుకూ దాని ఆస్మాటిక్ పీడనానికీ ఉన్న లంకె ఏమిటో అందులో రాశాడు. పలచని పొర దాటి నీరు ద్రావణంలోకి చొరబడేటప్పటి ఒత్తిడే ఆస్మాటిక్ పీడనం; అది అణువులను లెక్కపెడుతుంది. కాబట్టి వెలుతురు కొలిస్తే అణువు బరువు పట్టుకోవచ్చు.

దాని లోగుట్టు ఇది. వెలుతురు అలకంటే చాలా చిన్నవైన రెండు కణుపులు విడివిడిగా ఎక్కడెక్కడో ఉంటే, అవి చెదరగొట్టే వెలుతురు ఒకటీ ఒకటీ కలిసి రెండు. అవే ఒకదానికొకటి అంటుకుని ఒకే అణువైతే రెండూ ఒక్క తాళంలో ఊగుతాయి. అప్పుడు రెండు రెళ్లు నాలుగు. వెయ్యి కణుపులు విడిగా ఉంటే వెయ్యి, కలిస్తే పది లక్షలు. పదార్థం అంతే, నీరు అంతే, కలిసినందువల్ల మాత్రమే మెరుపు వెయ్యి రెట్లయింది. ద్రావణం ఎంత మెరుస్తోందో చూస్తే ఎన్ని కణుపులు చేయీచేయీ పట్టుకున్నాయో తెలిసిపోతుంది.

ఈ ఆలోచనను పాలిమర్ల మీద గట్టిగా వాడి ప్రపంచానికి ఇచ్చినవాడు పీటర్ డిబై, 1944లో, అమెరికాలో కృత్రిమ రబ్బరు పరిశోధనల నడుమ. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే ఉంటుంది. ఉండవలసిందే. కానీ పదిహేడేళ్ల ముందటి ఆ కలకత్తా వ్యాసం పేరు కూడా పక్కన ఒక్క వాక్యంలో ఉంటే మన పిల్లలకు మేలు జరిగేది. రామన్ దగ్గర పని నేర్చిన సూరి భగవంతం, అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లివాడు, విశాఖలోని వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పాడు. కాంతి పరిక్షేపణం మీదా రామన్ ఫలితం మీదా ఆయన రాసిన పుస్తకాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. మా అల్యూమినా ఓడకెక్కే ఊళ్లోనే, వెలుతురు చెదరడం గురించి ఒక పెద్ద పుస్తకం పుట్టింది. దామంజోడిలో ఫ్లాక్యులెంట్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెబితే కుర్రాళ్లు తలెత్తి చూస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చిక్కదనం ఒక అంకె చెబుతుంది, వెలుతురు ఒకటి, ఆస్మాటిక్ పీడనం మరొకటి. ఒకే పొడి, మూడు బరువులు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఫ్యాక్టరీలో చేసిన పాలిమరులో గొలుసులన్నీ ఒకే పొడుగుండవు. కొన్ని పొట్టివి, కొన్ని మహా పొడుగువి. కాబట్టి మనకు దొరికేది సగటే. కుందులి సంతలో కొన్న బుట్ట ఒకటి అనుకోండి, అందులో ఒక గుమ్మడికాయ, వంద చింతగింజలు. వస్తువుకు సగటు బరువెంత అని తల లెక్కన అడిగితే యాభై గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. ఈ బరువులో ఒక గ్రాము తీస్తే అది ఎలాంటి వస్తువులోదై ఉంటుందని అడిగితే జవాబు గుమ్మడికాయే. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఆస్మాటిక్ పీడనం మొదటి ప్రశ్న అడుగుతుంది, దానికి చిన్నా పెద్దా తేడా లేదు, ప్రతి అణువూ ఒక ఓటు. వెలుతురు రెండోది అడుగుతుంది, దాని చూపు పెద్దవాటి మీదికే పోతుంది. చిక్కదనం ఈ రెంటి మధ్యన, వెలుతురుకు దగ్గరగా కూర్చుంటుంది.

అందుకే ఎవరైనా "దీని అణుభారం ఇంత" అని ఊరికే అంటే నాకు మనసొప్పదు. ఎలా అడిగితే అంత అని చెప్పాలి. బరువు పక్కన పద్ధతి పేరు రాయని రిపోర్టు సగం రిపోర్టే. మడ్డు విషయంలో దీనికి నేరుగా ఖర్చు ఉంది. పట్టి ముద్ద చేసే పని ఎక్కువగా పొడుగాటి గొలుసులదే కాబట్టి, తల లెక్కన తీసిన సగటు బాగున్నా గుమ్మడికాయలు లేని పొడి, మడ్డును దింపే తొట్టి అయిన సెట్లరులో పనికిరాదు.

ఇందాక చెప్పిన పెరాఁ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన చేసిన పని మా ఘాట్ రోడ్డు మీద రోజూ జరుగుతోంది. విశాఖ తీరం నుంచి సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ పీఠభూమికి వస్తే సుమారు 900 మీటర్లు ఎక్కుతాం. గాలి పదో వంతు పలచబడుతుంది. నీళ్లు 97 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కరు లేకపోతే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. గాలి అణువులు మరీ తేలిక కావడం వల్ల, అయిదున్నర కిలోమీటర్లు ఎక్కితేగానీ వాటి సంఖ్య సగం కాదు. అణువులు ఇంకా బరువైతే ఇంకా తక్కువ ఎత్తులోనే సగమయ్యేవి. అంటే పలచబడే తీరులోనే అణువు బరువు రాసి ఉంది. 1908లో పెరాఁ ఈ వాతావరణాన్నే నీటిబొట్టులో కట్టాడు. గంబోజ్ అనే పసుపు బంకను నీళ్లలో కలిపి, సెంట్రిఫ్యూజులో తిప్పి తిప్పి, ఒకే పరిమాణం ఉన్న రేణువులను వేరుచేశాడు. కిలో బంకతో మొదలుపెట్టి కొన్ని నెలలు శ్రమిస్తే చివరికి గ్రాములో కొన్ని పదో వంతులు మిగిలాయి. ఆ రేణువులను మైక్రోస్కోపు కింద పొర పొరగా లెక్కపెడితే, ముప్ఫై మైక్రాన్లు పైకి పోయేసరికి సంఖ్య సగమైంది. గాలికి కిలోమీటర్లు, బంక రేణువుకు మైక్రాన్లు, సూత్రం మాత్రం ఒకటే. రేణువు బరువు ఆయనకు తెలుసు, ఎత్తుల నిష్పత్తి తెలిసింది, దాంతో అణువు బరువు చేతికొచ్చింది. అణువులు నిజంగా ఉన్నాయా అని అప్పటిదాకా సందేహించినవాళ్లు చాలామంది ఆ తర్వాత నోరెత్తలేదు.

రేణువు మరీ చిన్నదైతే భూమి లాగే శక్తి చాలదు. స్వీడన్‌లోని ఉప్సలలో స్వెడ్‌బర్గ్ 1924లో అల్ట్రాసెంట్రిఫ్యూజు కట్టి ఆ శక్తిని వేల రెట్లు పెంచాడు. హిమోగ్లోబిన్‌ను అందులో తిప్పితే బరువు 68 వేల దగ్గర తేలింది. బరువుకన్నా ఆయన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి: అణువులన్నీ ఒక్క వేగంతో దిగాయి. ప్రాణి తయారుచేసిన అణువుల్లో పొట్టీ పొడుగూ తేడా లేదు. పెరాఁకు భౌతిక శాస్త్రంలో, స్వెడ్‌బర్గ్‌కు రసాయన శాస్త్రంలో నోబెల్ ఒకే ఏడాది వచ్చింది, 1926లో. దిగే వేగానికి స్వెడ్‌బర్గ్ పేరుతోనే కొలమానం ఉంది. మన వెంకీ రామకృష్ణన్ నిర్మాణం విప్పి చూపిన రైబోజోము చిన్న ముక్క 30 ఎస్, పెద్ద ముక్క 50 ఎస్, రెండూ కలిస్తే 80 కాదు, 70 ఎస్. కలిశాక ఆకారం మారుతుంది, నీటి రాపిడి మారుతుంది. దిగే వేగంలో బరువుతో పాటు ఆకారం కూడా మాట్లాడుతుందని మడ్డు ముద్దలతో పని చేసేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్కో అణువును విడిగా తూచడం ఇటీవలి కథ. జాన్ ఫెన్ అనే అమెరికన్ 1980ల చివర, డెబ్బై ఏళ్లు దాటాక, ద్రావణాన్ని సన్నటి సూది నుంచి విద్యుత్తుతో తుంపరగా చిమ్మి, తుంపర ఆరిపోయాక మిగిలిన పెద్ద అణువులను చెక్కుచెదరకుండా గాలిలోకి లేపాడు. ఒక్కో అణువు మీద పదులకొద్దీ విద్యుదావేశాలు ఎక్కుతాయి. మాస్ స్పెక్ట్రోమీటరు చెప్పేది బరువును ఆవేశంతో భాగించిన అంకె. పక్కపక్క శిఖరాల మధ్య తేడా ఒక్క ఆవేశమే కాబట్టి రెండు శిఖరాలు చూస్తే రెండు సమీకరణాలు, రెండు జవాబులు. 2002లో నోబెల్ అందుకున్నప్పుడు ఆయన వయసు 85. మన హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధనా సంస్థ ఐఐసీటీలో కూడా మాస్ స్పెక్ట్రోమెట్రీకి జాతీయ కేంద్రం వెలిసింది. అణువుతో పాటు ఆవేశాన్ని కూడా ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి వచ్చాక వైరస్‌లనే తూచారు. పొగాకు మొజాయిక్ వైరస్ నాలుగు కోట్ల చిల్లర తూగింది. 2012లో బార్సిలోనాలో కంపించే కార్బన్ నానోగొట్టం ఒకటి, ఒక్క ప్రోటాను పాటి బరువు మీద వాలినా తేడా పసిగట్టగలిగింది. 2018లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలిప్ కుకురా బృందం గాజు మీద వాలిన ఒక్కొక్క ప్రోటీను చెదరగొట్టిన వెలుతురును పట్టుకుని దాని బరువు చెప్పింది. రామన్ గుంపుగా చూసిన మెరుపును వీళ్లు ఒక్కొక్కటిగా చూశారు.

ఇవన్నీ చదివినప్పుడల్లా నా మనసు మడ్డు దగ్గరికే వెళుతుంది. ప్రోటీన్లు, వైరస్‌లు ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి, వాటి శిఖరాలు విడివిడిగా నిలబడతాయి. ఫెన్ బృందం పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే కృత్రిమ గొలుసుతో యాభై లక్షల దాకా వెళ్లింది. కోటిన్నర బరువుతో, వేలాది పొడుగులు కలగలిసి ఉండే మా పాలిమరు దగ్గర శిఖరాలు ఒకదాని మీద ఒకటి పడి కొండల వరుసలా కలిసిపోతాయి. దీనికి తోడు ఆ గొలుసు సంచిలో ఉన్నప్పటి బరువుతోనే సెట్లరు దాకా రాదు. నీళ్లలో కలిపేటప్పుడు పొడి ఉండకట్టి చేప కళ్లలా తేలితే ఆ భాగం వృథా. దాన్ని విడదీద్దామని గట్టిగా తిప్పితే గొలుసులు తెగుతాయి. వేగంగా తిరిగే పంపులో ఇంకా తెగుతాయి. ముందుగా తెగేవి అన్నింటికన్నా పొడుగైనవే, అంటే మనకు కావలసినవే. అందుకే మెల్లగా తోసే స్క్రూ పంపులు, నిదానంగా తిరిగే కలుపుడు రెక్కలు పెడతారు. సెంట్రిఫ్యూగల్ పంపు అయితే ఖర్చు తగ్గుతుంది కదా అని ఎవరైనా అంటే, ఖర్చు మడ్డు వైపు పెరుగుతుందని నేను వాదిస్తాను.

గొలుసు బరువు తెలియవలసింది అది మడ్డు రేణువును తాకే క్షణంలో, వంద డిగ్రీల వేడి కాస్టిక్‌లో. సంచి మీది అంకె అక్కడిది కాదు, విస్కోమీటరు అంకె ఉప్పునీటిది. కాబట్టి కొత్త లాటు వచ్చిన రోజున మేము ద్రావణం నమూనాను రెండుచోట్ల పట్టమంటాం, కలిపిన తొట్టి దగ్గర ఒకటి, పంపు దాటాక సెట్లరు అంచున ఒకటి. రెండింటినీ ఒకే మడ్డులో, ఒకే మోతాదున, పక్కపక్క సిలిండర్లలో వేసి టెస్టు చేస్తాం. గీతలు ఒకే వేగంతో దిగితే లాటు తీసుకోవచ్చు. రెండోది వెనకబడితే ముందు పంపు చూడమని చెబుతాం.